పాత కారులో హీటర్ సరిగా వేడెక్కడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో కారు హీటర్ గురించి మాట్లాడేవాడిని జనం ఎండాకాలంలో గొంగళి బేరమాడేవాడిని చూసినట్టు చూస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే నవ్వినవాణ్ణే. తర్వాత ఉద్యోగరీత్యా వారానికి మూడు రోజులు చీకటితోనే చిత్తూరు నుంచి పలమనేరుకు వెళ్లాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన చిన్న పెట్రోలు కారు. బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే అద్దం లోపలి నుంచి పాలు పోసినట్టు తెల్లబడేది. ఒక చేతిలో స్టీరింగు, ఇంకో చేతిలో తువ్వాలు. ఎదురుగా టమాటా లారీ. హీటర్ నాబ్ ఎర్ర గీత చివరి దాకా తిప్పినా వచ్చేది ఊరి గాలే. ఆ చలికాలమంతా కుస్తీ పట్టి నేర్చుకున్నదీ, ఆ తర్వాత చుట్టుపక్కలవాళ్లు పదే పదే అడిగినదీ కింద రాశాను. నేను మెకానిక్‌ను కాను. అయితే నా కారు హీటర్ ఇప్పుడు కాళ్లు కాలేంత వేడిగా పనిచేస్తోంది.

మన ఎండలకు హీటర్ దేనికి? ఉన్న ఏసీ పనిచేస్తే చాలదా?

తిరుపతి ఊళ్లోనే తిరిగేవారికి చలి కోసమైతే అక్కర్లేదు. కానీ పలమనేరు, మదనపల్లె వైపు డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 15 డిగ్రీల లోపుకు దిగడం మామూలే. 1,200 మీటర్లకు పైగా ఎత్తున్న హార్స్‌లీ హిల్స్ సంగతి చెప్పనక్కర్లేదు. చిత్తూరుకూ పలమనేరుకూ మధ్యే ఎత్తులో మూడు వందల మీటర్లకు పైగా తేడా ఉంది. చలి మాట పక్కన పెట్టినా, అద్దం మీది ఆవిరిని పోగొట్టేది హీటరే. ఈశాన్య రుతుపవనాల వానల్లో భాకరాపేట ఘాట్ మీద నలుగురు తడిసిన మనుషులతో వెళ్లినవారికి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంకొక కారణం నాకు ఆలస్యంగా అర్థమైంది. హీటర్ అనేది ఇంజనును చల్లబరిచే ఏర్పాటులో ఒక పాయ. అది చల్లబడిందంటే చాలాసార్లు అసలు ఏర్పాటులోనే ఏదో లోపం ఉంటుంది. చలికాలంలో ఆ గుర్తును చూసీ చూడనట్టు వదిలేస్తే మే నెలలో అదే ఘాట్ మీద బానెట్ లేపి నిలబడాల్సి వస్తుంది.

హీటర్‌కు వేడి ఎక్కడి నుంచి వస్తుంది? దానివల్ల పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుందా?

పాత పెట్రోలు, డీజిల్ కార్లలో వేడి కోసం వేరే పొయ్యి ఏదీ ఉండదు. ఇంజనును చల్లబరచడానికి దాని చుట్టూ తిరిగి వేడెక్కిన కూలెంట్ అనే ద్రవంలో కొంత భాగం రెండు రబ్బరు గొట్టాల గుండా డాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వచ్చి వెళుతుంది. దాన్నే మన షెడ్లలో హీటర్ కాయిల్ అంటారు, విడిభాగాల దుకాణంలో హీటర్ కోర్ అని అడగాలి. దాని మీదుగా బ్లోయర్ అనే ఫ్యాను గాలి తోలుతుంది. ఎలాగూ వృథాగా పోయే వేడినే వాడుకుంటున్నాం కాబట్టి పెట్రోలు మీద భారం ఏమీ ఉండదు. బ్లోయర్ తినే కాస్త కరెంటు లెక్కలోకి రాదు.

నా కారుకు అసలు హీటర్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

వింతగా ఉన్నా మన దగ్గర అడగాల్సిన ప్రశ్నే ఇది. పాత చిన్న కార్లలో ఏసీ లేని చవక రకాలు కొన్ని హీటర్ లేకుండానే వచ్చాయి. డాష్‌బోర్డు మీద నీలం నుంచి ఎరుపుకు తిరిగే నాబ్ గానీ, అడ్డంగా జరిగే పుల్ల గానీ లేకపోతే మీది ఆ రకం కావచ్చు.

నాబ్ ఉండి కూడా హీటర్ లేని కార్లు ఇంకా ఎక్కువ. బానెట్ ఎత్తి, ఇంజనుకూ కారు లోపలికీ మధ్య ఉన్న రేకు గోడ వైపు చూడండి. వేలెడు లావున్న రెండు గొట్టాలు పక్కపక్కన ఆ గోడలోకి దూరి ఉండాలి. దూరాల్సిన చోట రెండు మొండి పైపులు ఖాళీగా బయటికి చూస్తూ ఉండి, గొట్టం మాత్రం ఇంజను దగ్గరే ఒంపు తిరిగి మళ్లీ ఇంజనులోకే వెళ్లిందా? అయితే ఎప్పుడో హీటర్ కాయిల్ కారింది, ఎవరో దాన్ని తప్పించి గొట్టాన్ని చుట్టేశారు. ‘మన ఊళ్లో హీటర్ ఎవరు వేస్తారన్నా’ అని ఓనరును ఒప్పించి ఉంటారు. పాత కారు కొనేటప్పుడు నేనైతే ఇప్పుడు ముందు ఆ మూలకే చూస్తాను.

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో ఏం చూసుకోవచ్చు?

మూడు విషయాలు, పావుగంట పని.

తెల్లవారి ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడండి. కూలెంట్ మెడ దాకా కనబడాలి. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు. మూత రబ్బరు ఎండిపోయిన పాత కార్లలో డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ మాత్రం గుక్కెడు తక్కువగా ఉంటుంది. ఇంజను వేడిగా ఉండగా మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి కింద వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉన్న ద్రవం, మూత వదులైన క్షణంలో మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

తర్వాత ఏడెనిమిది కిలోమీటర్లు నడిపి ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న కారులో అది మధ్యకు కాస్త అటూ ఇటూగా వచ్చి అక్కడే ఉంటుంది. పాతిక కిలోమీటర్లు వెళ్లినా అడుగునే పడి ఉంటే, బయట చల్లగాలి తగలగానే ఇంకా దిగిపోతుంటే ఇంజనే వేడెక్కడం లేదని అర్థం.

మూడోది చేతి పరీక్ష. హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పి, కారు ఆపి, ఇంజను కట్టేసి, గోడలోకి వెళ్లే ఆ రెండు గొట్టాలనూ జాగ్రత్తగా తాకండి. రెండూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే నీళ్ల వైపు బాగానే ఉంది, గాలి వైపు తప్పుంది. ఒకటి కాలుతూ ఒకటి చల్లగా ఉంటే హీటర్ కాయిల్ పూడుకుపోయింది, లేదా దానికి వెళ్లే దారిలోని వాల్వు మూసుకుంది. రెండూ గోరువెచ్చగానే ఉంటే థర్మోస్టాట్ (దీని సంగతి కింద చెబుతాను), కూలెంట్ తక్కువ కావడం, ఎయిర్ లాక్ (కూలెంట్ దారిలో గాలి ఇరుక్కోవడం), వాటర్ బాడీ (కూలెంట్‌ను తిప్పే పంపు) వీటిలో ఏదో ఒకటి. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది. నాకు దీన్ని నేర్పింది చిత్తూరు లారీ షెడ్డులో పనిచేసే ఒక పెద్దాయన. ఆయన కార్లు ముట్టుకోడు, ‘అవి బొమ్మలు నాయనా’ అంటాడు.

‘థర్మోస్టాట్ తీసేశాను, ఇక ఇంజను వేడెక్కదు’ అన్నాడు మా మెకానిక్. మంచిదే కదా?

కాదు. మన ప్రాంతంలో హీటర్లు చచ్చిపోవడానికి నేను చూసిన కారణాల్లో దీనిదే మొదటి స్థానం.

థర్మోస్టాట్ అంటే మైనం నింపిన చిన్న గుళిక మీద పనిచేసే వాల్వు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది రేడియేటర్‌కు దారి మూసి ఉంచుతుంది. సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య మైనం కరిగి ఉబ్బి దారి తెరుస్తుంది. అది లేకపోతే మొదటి నిమిషం నుంచే కూలెంట్ అంతా రేడియేటర్ గుండా తిరుగుతూ చల్లబడుతూనే ఉంటుంది. డిసెంబరు పొద్దున మొగిలి ఘాట్ గాలికి ఇంజను అరవై డిగ్రీలు కూడా చేరదు. ఇంజనే వేడెక్కనప్పుడు హీటర్‌కు ఎక్కడి నుంచి వస్తుంది?

నష్టం హీటర్‌తో ఆగదు. చల్లటి ఇంజను ఎక్కువ పెట్రోలు తాగుతుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోక ఆయిల్ మూత కింద మీగడలా పేరుకుంటుంది. అరుగుదలా పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలోనైతే అనుకున్నదానికి విరుద్ధంగా జరుగుతుంది. థర్మోస్టాట్ మూయాల్సిన పక్కదారి తెరిచే ఉండిపోయి, కూలెంట్‌లో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజనులోకి తిరిగి వచ్చి ఎండాకాలంలో వేడెక్కుతుంది కూడా.

మెకానిక్‌ను మాత్రం తిట్టుకోవద్దు. ఎండలో మరిగిపోతున్న కారుతో వచ్చి ‘ఈ పూటకు గట్టెక్కించన్నా’ అంటే అతను చేసిన పని అది. మనమే ఆ తర్వాత కొత్తది వేయించలేదు. చాలా పాత చిన్న కార్లకు థర్మోస్టాట్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. కింద కారకుండా వేసే గాస్కెట్ కూడా కొత్తది వేయించండి.

థర్మోస్టాట్ బాగుందో లేదో ఎలా పరీక్షించాలి?

విప్పిన థర్మోస్టాట్‌ను దారంతో కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీయండి, అడుగు తగలకూడదు. పొయ్యి మీద పెట్టి చూస్తూ ఉండండి. నీళ్ల అడుగున చిన్న బుడగలు లేచి మరుగుకు వస్తున్న సమయానికి అది మెల్లగా నోరు తెరవాలి. దించి చల్లారనిస్తే పూర్తిగా మూసుకోవాలి. చల్లటి నీళ్లలోనే నోరు తెరిచి ఉంటే మీ హీటర్ దొంగ దొరికినట్టే. తెరుచుకునే ఉష్ణోగ్రత చాలావాటి మీద అంకెల్లో అచ్చు వేసి ఉంటుంది, కొత్తది అదే అంకెది కొనండి. గిన్నె మాత్రం వంటింటిది కాకుండా చూసుకోండి. ఆ తప్పు నేను ఒకసారే చేశాను.

కారు స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డు వెనక నీళ్లు గలగలమన్న చప్పుడు. ఏమిటది?

కూలెంట్ దారిలో గాలి చేరింది. హీటర్ కాయిల్ చాలా కార్లలో ఎత్తున ఉంటుంది కాబట్టి గాలి అక్కడికే చేరి కూర్చుంటుంది. కూలెంట్ మార్చిన తర్వాత, గొట్టం మార్చిన తర్వాత హీటర్ చల్లబడిందంటే ముందు దీన్నే అనుమానించాలి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు కారు ముందు భాగం ఎత్తుగా ఉండేలా నిలపండి. మా వీధిలో ఇళ్ల ముందున్న ర్యాంపే అందుకు సరిపోతుంది. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. హీటర్ నాబ్ పూర్తి వేడికి తిప్పి, రేడియేటర్ మూత తీసి, మెడ దాకా మెల్లగా కూలెంట్ పోసి ఇంజను స్టార్ట్ చేయండి. బుడగలు వస్తూ ఉంటాయి, మట్టం దిగుతూ ఉంటుంది, పోస్తూ ఉండండి. ఇంజను ఇంకా చల్లగా ఉండగానే పై గొట్టాన్ని గుడ్డతో పట్టుకొని మధ్యమధ్య నొక్కి వదిలితే ఇరుక్కున్న గాలి కదులుతుంది. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా గుటక వేసినట్టు దిగుతుంది. అప్పుడు నింపి మూత బిగించండి. కొన్ని ఇంజన్లకు గాలి వదలడానికి ప్రత్యేకంగా ఒక స్క్రూ ఉంటుంది, ఉంటే దాన్ని వాడుకోండి. రేడియేటర్ ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది, కండువా, చున్నీ దానికి దూరంగా ఉంచాలి.

మర్నాడు చల్లటి ఇంజను మీద మళ్లీ మట్టం చూడండి. ఎన్నిసార్లు తీసినా బుడగలు ఆగకపోతే, కూలెంట్ ఎక్కడా కారకుండానే తరుగుతుంటే, పొగగొట్టంలో తెల్లటి ఆవిరి తగ్గకపోతే అది హెడ్ గాస్కెట్, అంటే ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య కారకుండా బిగించే పొర, దెబ్బతిన్న వ్యవహారం కావచ్చు. ఇక ఇంటి వైద్యం ఆపండి.

ట్రాఫిక్‌లో ఆగితే చల్లగాలి, హైవే ఎక్కితే వేడిగాలి వస్తోంది.

ముందు కూలెంట్ తక్కువైందేమో చూడండి, తర్వాత ఎయిర్ లాక్. రెండూ కాకపోతే వాటర్ బాడీ, అంటే వాటర్ పంపు. దాని రెక్కలు అరిగితే ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూలెంట్‌ను హీటర్ దాకా నెట్టలేదు. దాన్ని నడిపే బెల్టు వదులైనా ఇదే జరుగుతుంది.

ఘాట్ దిగేటప్పుడు హీటర్ చల్లబడుతుంది. పాడైనట్టేనా?

కొద్దిగా చల్లబడితే ఏమీ కాదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి దిగుతున్నప్పుడు ఇంజనులో మండేది చాలా తక్కువ, వచ్చే వేడీ తక్కువ. 1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి వాడుతున్నదే. ఆ వంపుల్లో పొడవునా తక్కువ గేరులోనే దిగుతాం కాబట్టి అలిపిరి చేరేసరికి గాలి కాస్త మెత్తబడితే కంగారు పడక్కర్లేదు. ముల్లు పూర్తిగా అడుగుకు పడిపోతే మాత్రం థర్మోస్టాట్ చూడాలి. అన్నట్టు, పాత బండితో కొండకు బయలుదేరేవారు అనుమతి సంగతి ముందే కనుక్కోవడం మంచిది.

ఒక గొట్టం కాలిపోతోంది, ఇంకొకటి చల్లగా ఉంది. హీటర్ కాయిల్ మార్చాల్సిందేనా?

ముందు వాల్వు చూడండి. కొన్ని పాత కార్లలో వేడి గొట్టం మధ్యలో చిన్న వాల్వు ఉంటుంది, నాబ్‌కు కట్టిన కేబుల్ దాన్ని తెరుస్తుంది. ఏళ్ల తరబడి తిప్పక అది మూసుకున్నచోటే బిగుసుకుపోతుంది. ఒకరు నాబ్ తిప్పుతుంటే ఇంకొకరు బానెట్ కింద చూస్తే అది కదులుతోందో లేదో తెలిసిపోతుంది. వాల్వు బాగుంటే కాయిల్ పూడుకుపోయింది. దాన్ని మార్చే ముందు ఒకసారి కడిగి చూడాలి.

నా కారు సంగతి చెబుతాను. చల్లటి ఇంజను మీద రెండు గొట్టాలనూ ఊడదీయడానికి కూర్చున్నాను. పాత రబ్బరు పైపుకు అతుక్కుపోయి ఉంది. గుంజాలనిపించింది, అదృష్టవశాత్తు గుంజలేదు. గుంజితే కాయిల్ మొండి పైపు వంగుతుంది, ప్లాస్టిక్‌దైతే విరుగుతుంది. గొట్టాన్ని చివర నిలువుగా బ్లేడుతో చీల్చి ఒలిచాను, ఎలాగూ కొత్త గొట్టాలు తెచ్చుకున్నాను. కింద బకెట్ పెట్టి, చెట్లకు నీళ్లు పట్టే పైపును బయటికి వచ్చే వైపు మొండికి ఆనించి మెల్లగా నీళ్లు వదిలాను. ముందు ఏమీ రాలేదు. తర్వాత ఇంత తుప్పు నీరు. ఆ తర్వాత చిక్కటి పసుపు ముద్ద, వంటింటి వాసనతో. పాత ఓనరు రేడియేటర్ కారుతుంటే దారిలో ఎక్కడో గుప్పెడు పసుపు పోసి ఉంటాడు. దారి పక్క చిట్కాగా దానికి పేరుంది, సన్నటి రంధ్రాన్ని కాసేపు మూస్తుంది కూడా. కానీ ఆ పసుపుకు కారుతున్న రంధ్రమేదో, హీటర్ కాయిల్‌లోని సన్నటి గొట్టమేదో తేడా తెలియదు. దుకాణంలో అమ్మే లీకు పొడులకూ తెలియదు.

నీళ్లు ఒకసారి అటు నుంచి, ఒకసారి ఇటు నుంచి, తేటగా వచ్చే వరకు పట్టాలి. ఒత్తిడి తక్కువగానే ఉండాలి. సర్వీసింగు సెంటర్‌లో కారు కడిగే పంపు ఆనిస్తే కాయిల్ పగులుతుంది. స్నానాల గది కడిగే యాసిడ్ వాడమని సలహా ఇచ్చేవారు తప్పకుండా ఒకరుంటారు. కాయిల్ సాధారణంగా అల్యూమినియం, యాసిడ్ దాన్ని తినేస్తుంది. చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగి, కొత్త గొట్టాలు, కొత్త క్లిప్పులు వేసి, కూలెంట్ నింపి, గాలి తీసేశాను. మర్నాడు మొగిలి దగ్గర కిటికీ దించాల్సి వచ్చింది.

ఒలికిన పాత కూలెంట్ గురించి ఒక మాట. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, నాకితే చచ్చిపోతాయి. కాలువలో పారబోయకుండా డబ్బాలో పట్టి, మూత పెట్టి షెడ్డులో అప్పగించండి. పిల్లలకు అందనివ్వకండి.

కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది?

మన బోరు నీళ్లతో నాలుగు నెలలు కాచిన గిన్నె అడుగు చూడండి. అదే తెల్లటి పెచ్చు హీటర్ కాయిల్‌లోనూ పేరుకుంటుంది. దానికి తోడు తుప్పు. మనకు నీళ్లు గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంట్ దండగ అనుకుంటారు. అది గడ్డకట్టకుండా చూడటంతో పాటు తుప్పును ఆపుతుంది, మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది. మనకు కావాల్సినవి ఈ రెండే.

గాఢమైన కూలెంట్ కొంటే డబ్బా మీద రాసిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్ కలపాలి. బ్యాటరీలో పోయడానికి అమ్మేది అదే. కలిపి సిద్ధంగా ఉన్నదైతే నేరుగా పోయవచ్చు. రంగు చూసి కలపవద్దు, కారు పుస్తకంలో చెప్పిన రకమే వాడండి. వేర్వేరు రకాలు కలిస్తే కొన్నిసార్లు గుజ్జులా మారి కాయిల్‌ను పూడ్చేస్తాయి. దారిలో ఇబ్బందిపడితే తాగే నీళ్లు పోసుకొని ఇల్లు చేరవచ్చు, చేరాక మార్చేయండి.

రెండు గొట్టాలూ వేడిగానే ఉన్నాయి, గాలి మాత్రం చల్లగా వస్తోంది.

డాష్‌బోర్డు లోపల గాలిని హీటర్ కాయిల్ వైపు తిప్పే తలుపు ఒకటి ఉంటుంది. పాత కార్లలో దాన్ని లాగేది నాబ్ వెనకున్న కేబుల్. కేబుల్ క్లిప్పు ఊడినా, సాగినా తలుపు చల్లటి వైపే ఉండిపోతుంది. నాబ్ మరీ తేలికగా తిరుగుతుంటే క్లిప్పు ఊడింది, అస్సలు తిరగకపోతే కేబుల్ పట్టేసింది. కాళ్ల దగ్గర పడుకొని టార్చి వేసి చూస్తే చాలా కార్లలో కనబడుతుంది. గాలి రంధ్రాల నుంచి నల్లటి పొడి రాలుతుంటే ఆ తలుపుకు అంటించిన స్పాంజి పొడైపోయినట్టు, సందుల్లోంచి చల్లగాలి కలుస్తోంది.

గాలి వేడిగానే ఉంది, కానీ చాలా తక్కువగా వస్తోంది.

లోపలికి వచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ ఉంటే తీసి చూడండి. లేని కార్లలో అద్దం కింద, వైపర్ల దగ్గరున్న జాలీ చూడండి. వేప చెట్టు కింద నిలిపే కారులో అక్కడ ఒక చిన్న ఎరువు గుంటే ఉంటుంది. ఎలుకలు బ్లోయర్ డబ్బాలో గూడు కట్టడం మా వీధిలో కొత్త కాదు, వాసనే చెబుతుంది. బ్లోయర్ చివరి వేగంలో మాత్రమే తిరిగి మిగతా వాటిలో తిరగకపోతే వేగం తగ్గించే రెసిస్టర్ కాలింది, చిన్న ఖర్చు. అసలు తిరగకపోతే ఫ్యూజు చూసి, తర్వాత మోటారు.

ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా ఉంది. లోపల ఏదో తియ్యటి వాసన.

తడిని టిష్యూ కాగితంతో అద్దండి. రంగూ జిగురూ లేని నీళ్లయితే ఏసీ నీళ్లు పోయే గొట్టం పూడుకుంది, లేదా వాన నీరు. ఆకుపచ్చగానో, ఎర్రగానో, వేళ్లకు జిడ్డుగానో ఉంటే హీటర్ కాయిల్ కారుతోంది. హీటర్ వేయగానే అద్దం మీద తుడిచినా పోని జిడ్డు పొర పట్టడం దాని రెండో గుర్తు. దాన్ని వాయిదా వేయవద్దు. ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు, ఇంజనుకూ కూలెంట్ తగ్గుతూ ఉంటుంది.

మార్చడంలో విడిభాగం కంటే కూలే ఎక్కువ, చాలా కార్లలో డాష్‌బోర్డు మొత్తం దించాలి. ఒకటికి రెండు చోట్ల అడగండి. దించినప్పుడే స్పాంజి, కేబుల్, బ్లోయర్ అన్నీ చూపించుకోండి. డబ్బు కూడే వరకు గొట్టాలు చుట్టి తప్పించడం తప్పేమీ కాదు, నా అభ్యంతరమల్లా ఆ ‘వరకు’ పదిహేనేళ్లు కావడం మీదే.

అద్దం మీది ఆవిరి త్వరగా పోవాలంటే?

హీటర్, ఏసీ రెండూ కలిపి వేయండి. ఏసీ గాలిలోని తేమను పిండుతుంది, హీటర్ ఆ పొడి గాలిని వేడి చేస్తుంది. గాలిని అద్దం వైపు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా మీట పెట్టండి. లోపలి గాలినే తిప్పుతూ ఉంటే మన ఊపిరిలోని తేమే మళ్లీ మళ్లీ అద్దానికి చేరుతుంది. అద్దం లోపలి వైపు దుమ్మూ జిడ్డూ ఉంటే ఆవిరి ఇంకా తొందరగా పడుతుంది, శుభ్రంగా తుడిచి ఉంచండి.

ఆవిరి బయటి వైపు పట్టిందా? అది వేరే కథ. తిరుపతి వానాకాలపు ఉక్కలో ఏసీ గట్టిగా వేస్తే అద్దం చల్లబడి బయట ఆవిరి పడుతుంది. అప్పుడు వైపర్ వేసి, ఏసీ గాలిని అద్దం మీద నుంచి తప్పించాలి. లోపల తువ్వాలుతో ఎంత తుడిచినా లాభం లేదు.

ఎండాకాలంలో ఇంజను వేడెక్కితే హీటర్ వేయమంటారు. వేళాకోళమా?

నిజమే. మే నెలలో ఘాట్ ఎక్కుతుంటే ముల్లు పైకి పోతోందనుకోండి. ఏసీ కట్టేసి, కిటికీలు దించి, హీటరూ బ్లోయరూ పూర్తిగా పెడితే ఆ చిన్న రేడియేటర్ కూడా ఇంజను వేడిని కొంత బయటికి లాగుతుంది. నరకంలా ఉంటుంది, కానీ ఆగడానికి చోటు దొరికే దాకా నెట్టుకురావచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. ముల్లు పైన ఉండి హీటర్ నుంచి చల్లగాలి వస్తుంటే కూలెంట్ లేనట్టే. చోటు చూసి వెంటనే ఇంజను కట్టేయండి.

సిగరెట్ సాకెట్‌కు తగిలించే చిన్న హీటర్ కొంటే సరిపోతుందా?

ఆ సాకెట్ ఇవ్వగలిగేది నూట యాభై వాట్ల చుట్టుపక్కల. కారు హీటర్ ఇచ్చేది కిలోవాట్లలో. చేతులు కూడా సరిగా వెచ్చబడవు, పాత వైరింగు మాత్రం వేడెక్కుతుంది.

లారీల్లా రేడియేటర్ ముందు అట్ట అడ్డం పెడితే?

థర్మోస్టాట్ బాగున్న కారుకు మన చలిలో అక్కర్లేదు. పాడైన కారుకు ఉదయం పనిచేస్తుంది, పదింటికి ఎండ ఎక్కాక ఆ అట్ట సంగతి మరిచిపోతారు. మిగతాది మీరే ఊహించుకోండి.

వేడి వచ్చే దాకా ఇంటి ముందు ఇంజను ఆన్‌లో వదిలేయవచ్చా? రాత్రి కారులో హీటర్ వేసుకొని పడుకోవచ్చా?

నిలబెట్టి తిప్పితే వేడెక్కడం ఆలస్యమే. అర నిమిషం ఆగి మెల్లగా బయలుదేరితే నాలుగైదు కిలోమీటర్లలో వేడి అందుతుంది. తలుపు మూసిన షెడ్డులో మాత్రం ఇంజను తిప్పవద్దు.

పడుకోవడం అసలే వద్దు. పాత కారు పొగగొట్టంలో చిన్న చిల్లు ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కొండ మీద గది దొరకకపోతే ఇంజను కట్టేసి దుప్పటి కప్పుకోండి.

2021 నవంబరు వరదల్లో తిరుపతిలో మునిగిన కారు చవకగా వస్తోంది. హీటర్ సంగతి ఏమిటి?

హీటర్ కాయిల్‌కు నీళ్లు కొత్త కాదు. బ్లోయర్ మోటారు, రెసిస్టర్, కార్పెట్ కింది వైరింగు చూడండి. కార్పెట్ అడుగు స్పాంజిలో తేమ మిగిలితే అద్దానికి ప్రతి పొద్దునా ఆవిరి పడుతుంది, హీటర్ ఎంత బాగున్నా.

మెకానిక్‌కు ఏమని చెప్పాలి?

‘హీటర్ రావడం లేదు’ అని మాత్రమే చెబితే ‘ఇప్పుడెందుకు సార్, వదిలేయండి’ అన్న జవాబే వస్తుంది. ‘ముల్లు సగం దాకా వస్తోంది, లోపలికి వెళ్లే గొట్టం కాలుతోంది, బయటికి వచ్చేది చల్లగా ఉంది, వాల్వు కదులుతోంది’ అని చెప్పి చూడండి. నేను అలా చెప్పిన రోజు మా మెకానిక్ స్పానరు కింద పెట్టి, టీ చెప్పి, ‘అన్నా, మీ దగ్గర గొట్టాలు ఉన్నాయా, నేను తేవాలా?’ అని అడిగాడు.